పండగ పూట రాజీ ధమ్మమేనా?



సంక్రాంతికి వచ్చే కుటుంబ సినిమా కథ మనందరికీ తెలిసిందే. పల్లెటూళ్ళో ఒక పెద్ద లోగిలి. ఇంటి పెద్దకూ కొడుక్కీ, లేదంటే అన్నకూ తమ్ముడికీ ఏళ్ళ తరబడి మాటలుండవు. పండగ వస్తుంది. భోగి మంట వేస్తారు, అరిసెలు వండుతారు, కొత్త అల్లుణ్ణి ఆటపట్టిస్తారు. చివరి పావుగంటలో ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు కాళ్ళ మీద పడతారు, అందరూ కలిసి అరిటాకుల ముందు కూర్చుంటారు. 2000 సంక్రాంతికి 'కలిసుందాం రా' వచ్చింది. 2013లో 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు', 2017లో 'శతమానం భవతి' వచ్చాయి. వారపత్రికల సంక్రాంతి సంచికల్లో పడే కథలూ చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి.

జనం కళ్ళు తుడుచుకుంటూ హాలు బయటికి వస్తారు. అందులో తప్పేమీ లేదు. ఇంట్లో ఎవరితోనో మాట పడక, పండగంటేనే గుండె బరువెక్కే మనిషికి ఆ పావుగంట ఒక ఆశ. ఆ ఆశను వెక్కిరించడం మన పని కాదు. కానీ ఆ పావుగంటలో జరిగింది క్షమేనా అని మాత్రం అడగాలి. ఎందుకంటే ఆ కథ హాల్లోనే ఆగిపోదు, మన ఇళ్ళల్లోకి వస్తుంది. "పండగ పూట ఎందుకే ఆ గొడవ?" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినబడేదే. ఆ మాట ఎవరితో అంటారో ఒకసారి గమనించండి. పొలం మింగిన అన్నతో అనరు. పొలం పోయిన చెల్లెలితో అంటారు. చెయ్యి చేసుకున్న మొగుడితో అనరు, దెబ్బలు తిన్న భార్యతో అంటారు. క్షమించే పని ఎప్పుడూ ఇంట్లో చిన్నవాళ్ళకే, బలం లేనివాళ్ళకే పడుతుంది. పండగ పాడవకుండా చూసే బరువు కూడా వాళ్ళదే.

'శతమానం భవతి'లో పిల్లలు విదేశాల్లో ఉంటారు, రారు. తండ్రి విడాకుల కబురు పంపి వాళ్ళను సంక్రాంతికి రప్పిస్తాడు. సినిమా బాగా ఆడింది, జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ పెద్దాయన బాధ నిజమైనదే. కానీ పంచశీల తీసుకున్నవాళ్ళం కనుక నాలుగో శీలం గుర్తుకు రాకుండా ఉండదు. ఇంటిల్లిపాదినీ ఒక చోట కూర్చోబెట్టడానికి అబద్ధం చెప్పొచ్చా? సినిమా ఆ ప్రశ్నను ఎంతసేపు పట్టుకుందో చూసినవాళ్ళకు తెలుసు. పండగ భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఏ ప్రశ్నకైనా వడ్డనే జవాబు అయిపోతుంది.

ఇంకో సంగతి. ఆ లోగిళ్ళు ఎవరివి? ఆ పొలాలు ఎవరివి? పాలేరు ఒక మూల నిలబడి, అయ్యగారి కుటుంబం కలిసిపోయిందని కండువాతో కళ్ళు తుడుచుకుంటాడు. ఆ ఇంట్లో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు క్షమించుకుంటారు సరే, ఆ పాలేరుకు ఇవ్వాల్సింది ఏమైనా ఉందా అని ఏ సంక్రాంతి కథా అడగదు. వాళ్ళ క్షమ ప్రహరీ గోడ దాటదు.

పండగ కథలన్నీ ఇంతేనా అంటే, కాదు. క్రిస్మస్ పండగ మీద పుట్టిన ఒక ఇంగ్లీషు కథ ఉంది. చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్'. 1843 డిసెంబరులో లండన్‌లో అచ్చయింది. తర్వాత ప్రపంచంలో వచ్చిన పండగ కథలకు చాలావాటికి ఇదే మూలం అనొచ్చు. మన కోస్తా జిల్లాల్లో ఎందరి ఇళ్ళకో క్రిస్మస్ తాతల నాటి పండగ కనుక ఈ కథ మనకు మరీ దూరం కూడా కాదు.

స్క్రూజ్ అనే వడ్డీ వ్యాపారి. ముసలివాడు, పిసినారి. చనిపోయిన చెల్లెలి కొడుకు ఫ్రెడ్ ఒక్కడే అతనికి మిగిలిన చుట్టం. ఫ్రెడ్ ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడని మేనమామకు ఎకసెక్కం, ఆ ఇంటి గడప తొక్కడు. ఫ్రెడ్ మాత్రం ఏటా వచ్చి క్రిస్మస్ భోజనానికి పిలుస్తూనే ఉంటాడు. స్క్రూజ్ దగ్గర వారానికి పదిహేను షిల్లింగుల జీతం మీద బాబ్ క్రాచిట్ అనే గుమాస్తా పనిచేస్తుంటాడు. అతని చిన్నకొడుకు కుంటివాడు, జబ్బుమనిషి. పేదల కోసం చందా అడగడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులను, జైళ్ళు లేవా, పేదల్ని పెట్టే కొట్టాలు లేవా అని స్క్రూజ్ గసిరి పంపుతాడు. ఆ రాత్రి దయ్యాలు వచ్చి అతనికి అతని బతుకంతా చూపిస్తాయి. (దయ్యాలను నమ్మని మనకు ఆ భాగం అడ్డం కానక్కర్లేదు. ఆ మొదటి దయ్యం చూపించింది అతని గతాన్నే.) తెల్లారేసరికి మారిన మనిషి అవుతాడు.

ఇక్కడి నుంచి వరస గమనించండి. అతను లేవగానే మేనల్లుడి ఇంటికి పరిగెత్తలేదు. మొదట గుమాస్తా ఇంటికి, ఎవరు పంపారో చెప్పకుండా, పెద్ద టర్కీ కోడి పంపించాడు. తర్వాత వీధిలో, నిన్న గసిరి పంపిన పెద్దమనిషి ఎదురైతే తనే దగ్గరికి వెళ్ళి, ఇవ్వబోయే మొత్తం చెవిలో చెప్పాడు. ఆయన అంతా అని నివ్వెరపోతే, ఇందులో చాలా ఏళ్ళ బకాయిలు కలిసి ఉన్నాయన్నాడు. దానం అనలేదు, బకాయి అన్నాడు. ఆ ఒక్క మాట కోసమైనా ఆ పుస్తకం చదవొచ్చు. ఆ తర్వాతే మధ్యాహ్నం ఫ్రెడ్ ఇంటికి వెళ్ళాడు. అదీ తిన్నగా కాదు. తలుపు తట్టే ధైర్యం చాలక ఆ గుమ్మం ముందు పన్నెండు సార్లు అటూ ఇటూ తిరిగాడు. లోపలికి రానిస్తావా అని అడిగాడు. మర్నాడు గుమాస్తాకు జీతం పెంచాడు.

అంటే తప్పు చేసినవాడే నడిచి వెళ్ళాడు. ముందు బాకీ తీర్చాడు, తర్వాతే విందుకు కూర్చున్నాడు. అతని మార్పు చుట్టం దగ్గర ఆగకుండా గుమాస్తా దాకా వెళ్ళింది. మన సంక్రాంతి లోగిళ్ళలో కనబడనివి ఇవే. అయితే ఆ కథలో లోటు లేదని కాదు. యజమాని మనసు మారితేనే గుమాస్తా బిడ్డ బతుకుతాడన్నది న్యాయం కాదు, అదృష్టం. బాబాసాహెబ్ వయోజన ఓటు కోసం, కూలి చట్టాల కోసం పోరాడింది యజమానుల మంచి కల మీద ఆధారపడకుండా ఉండటానికే.

ఆ కథ రాసిన డికెన్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. అతనికి పన్నెండేళ్ళప్పుడు తండ్రిని అప్పుల కింద జైల్లో వేశారు. పిల్లవాణ్ణి బూట్‌పాలిష్ తయారుచేసే కార్ఖానాలో పనికి పెట్టారు. తండ్రి జైలు నుంచి బయటికి వచ్చాక కూడా, బిడ్డ ఆ పనికి మళ్ళీ వెళ్ళాలనే తల్లి పట్టుబట్టింది. తల్లి ఆ పట్టును తను మరిచిపోలేదని, ఎప్పటికీ మరిచిపోలేనని డికెన్స్ పెద్దయ్యాక రాసుకున్నాడు. లోకానికంతా పండగ పూట క్షమించడం నేర్పిన రచయిత గుండెలో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది. దీన్నిబట్టి అతణ్ణి కపటి అనకూడదు. వంద పేజీల కథలో ఒక్క రాత్రిలో అయ్యే పని, బతుకులో ముప్పై ఏళ్ళయినా కాకపోవచ్చు.

ఇప్పుడు ధమ్మంలోకి వద్దాం. వినయ పిటకం మహావగ్గలో కోసంబి కథ ఉంది. అక్కడి భిక్ఖువులు రెండు ముఠాలయ్యారు. మరుగుదొడ్డి చెంబులో నీళ్ళు మిగల్చడం దగ్గర తగాదా మొదలైందని అట్ఠకథ చెబుతుంది. ఉమ్మడి కుటుంబంలో మనిషికి ఇది విడ్డూరంగా అనిపించదు. భగవానుడే వెళ్ళి సర్దిచెప్పాడు. వాళ్ళు వినలేదు. దీఘావు కథ చెప్పాడు. కాశీరాజు బ్రహ్మదత్తుడు కోసలరాజు దీఘీతి రాజ్యాన్ని ఆక్రమించుకుని, అతన్నీ భార్యనూ చంపించాడు. పగ పగతో చల్లారదని తండ్రి చివరి గడియలో కొడుకు దీఘావుకు చెప్పాడు. దీఘావు తనెవరో చెప్పకుండా బ్రహ్మదత్తుడి కొలువులో చేరాడు. ఒకనాడు అడవిలో రాజు అతని ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయాడు. దీఘావు మూడుసార్లు కత్తి దూసి మూడుసార్లూ ఒరలో పెట్టేశాడు. ఉపన్యాసాల్లో కథ ఇక్కడే ఆపేస్తుంటారు. పిటకం ఇంకా చెబుతుంది: ఇద్దరూ ఒకరి ప్రాణానికి ఒకరు అభయం ఇచ్చుకున్నారు, ఆ తర్వాత బ్రహ్మదత్తుడు దీఘావుకు తండ్రి సైన్యాన్ని, ఖజానాను, రాజ్యాన్ని తిరిగి ఇచ్చేశాడు. తీసుకున్నది తీసుకున్నట్టు దగ్గర పెట్టుకుని 'గతం గతః' అనలేదు.

ఆ కథ విని కూడా కోసంబి భిక్ఖువులు మారలేదు. భగవానుడు వాళ్ళను వదిలి పారిలేయ్యక వనానికి వెళ్ళిపోయాడు. వాళ్ళను దారికి తెచ్చింది ఊళ్ళో ఉపాసకులు. ఈ భిక్ఖువుల వల్లే భగవానుడు వెళ్ళిపోయాడని వాళ్ళకు నమస్కారం పెట్టడం మానేశారు, భిక్ష వేయడం మానేశారు. అప్పుడు కదిలారు. తప్పు చేశాడని బహిష్కరణకు గురైన భిక్ఖువు తనే ఆలోచించి, అవును, నాది తప్పేనని ఒప్పుకున్నాడు. సంఘం అతన్ని తిరిగి చేర్చుకుంది.

అన్నీ సర్దుకున్నాక ఉపాలి భగవానుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. మన విషయానికి అసలైన ప్రశ్న అదే. జరిగిందేమిటో విచారించకుండా, వేరుదాకా వెళ్ళకుండా సంఘం రాజీ చేసుకుంటే అది ధర్మబద్ధమైన రాజీ అవుతుందా? కాదు అన్నాడు భగవానుడు. అలాంటి కలయికలో అక్షరం ఉంటుంది, అర్థం ఉండదు. విచారించి, వేరుదాకా వెళ్ళి చేసుకున్న రాజీయే రాజీ. సంక్రాంతి సినిమా చివరి పావుగంటను ఈ కొలబద్ద మీద పెట్టి చూడండి.

మరి ప్రతి చిన్న మాటనూ తవ్వుకుంటూ కూర్చోవాలా? అలాగైతే ఏ ఇల్లూ నిలవదు. అది కూడా వినయంలోనే ఉంది. తగాదాలు చల్లార్చే ఏడు పద్ధతుల్లో చివరిది తిణవత్థారకం, అంటే గడ్డి కప్పేయడం. రెండు వైపులా అనరాని మాటలు బోలెడు అనుకున్నప్పుడు, ఒక్కొక్కటీ లెక్క తీస్తే గొడవ ఇంకా పెరుగుతుందనిపిస్తే, అందరూ కలిసి ఒక్కసారే గడ్డి కప్పేసి ముందుకు పోవచ్చు. పెళ్ళిపిలుపు సరిగ్గా అందలేదు, వడ్డనలో పక్కన పెట్టారు, ఫోన్ చేస్తే ఎత్తలేదు - ఇలాంటివాటికి పండగ మంచి గడ్డి. నవ్వేసి ఆకు ముందు కూర్చోవచ్చు. కానీ ఆ నియమంలో మినహాయింపులు ఉన్నాయి. ఘోరమైన తప్పుల మీద గడ్డి కప్పడానికి వీల్లేదు. గృహస్థులకు సంబంధించిన తప్పులకూ అది చెల్లదు. భిక్ఖువు గృహస్థుకు అపచారం చేస్తే లోపలివాళ్ళు తమలో తాము మాఫీ చేసుకోలేరు. ప్రహరీ గోడ సంగతి ఇందాక అన్నాను, దానికి జవాబు ఇక్కడుంది.

ఆడబిడ్డ వాటా సంగతి తీసుకోండి. హిందూ కోడ్ బిల్లును సాగనివ్వలేదని బాబాసాహెబ్ 1951 సెప్టెంబరులో మంత్రిపదవి వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సవరణతో దేశమంతటా కూతుళ్ళకు వచ్చింది. ఆ వారసత్వ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. అయినా పండక్కి పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, భోజనాలయ్యాక రిలీజ్ డీడ్ మీద సంతకం అడగడం మన ఇళ్ళల్లో కూడా ఉంది. గోడ మీద బాబాసాహెబ్ పటం ఉన్న ఇళ్ళల్లో కూడా. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుపోతుందని ఆమె భయం. పెడితే, మా చెల్లెలు మనసు పెద్దదని అన్నలు పొగుడుతారు. ఆ మనసు పెద్దతనాన్ని ఖంతి అనకూడదు. అది గడ్డి కప్పే వ్యవహారమూ కాదు.

పది పారమితల్లో ఖంతి ఒకటి. ద్వేషానికి ద్వేషం బదులివ్వకపోవడమే దాని సారమని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ వివరించారు. అది మన చేతిలో పని. అవతలివాడు మారినా మారకపోయినా మన గుండెలో ద్వేషం పెంచుకోకుండా ఉండొచ్చు. అందుకు వాడి అనుమతి అక్కర్లేదు. కలిసిపోవడం వేరే సంగతి, దానికి ఇద్దరు కావాలి. చెల్లెలు అన్నను ద్వేషించకుండానే కోర్టుకు వెళ్ళొచ్చు. కోర్టుకు వెళ్ళింది కాబట్టి ఆమెకు ధమ్మం తెలియదనడం అన్యాయం. సంయుత్త నికాయంలో ఇద్దరు భిక్ఖువుల గొడవ వస్తుంది. తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడు, రెండోవాడు ఆ ఒప్పుకోలును తీసుకోలేదు. మూర్ఖులు రెండు రకాలన్నాడు భగవానుడు - తన తప్పును తప్పుగా చూడనివాడు ఒకడు, ఎదుటివాడు ధమ్మం ప్రకారం ఒప్పుకుంటే స్వీకరించనివాడు ఇంకొకడు. అంటే దెబ్బ తిన్నవాళ్ళకూ బాధ్యత ఉంది. కాకపోతే వాళ్ళ వంతు రెండోది. మొదటి వంతు రాకముందే రెండోదాన్ని అడగడమే పండగ కథలు చేస్తున్న పని.

'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో రోహిణీ నది నీళ్ళ తగాదా చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. కోలియులు శాక్యులకు పరాయివాళ్ళు కారు, దగ్గరి చుట్టాలు. యుద్ధం వద్దన్న సిద్ధార్థుడు, చుట్టాలం కదా మరిచిపోదాం అని ఊరుకోలేదు. మనవాళ్ళ వైపూ తప్పుందని సంఘంలోనే చెప్పాడు. మనం ఇద్దరిని, వాళ్ళు ఇద్దరిని ఎన్నుకుని, ఆ నలుగురూ అయిదో మనిషిని ఎన్నుకుని తగువు తీర్చాలన్నాడు. తర్వాత ఆ రెండు తెగలూ రాజీపడ్డాయని తెలిసినా అతను ఇంటికి తిరిగి రాలేదు. తల్లీ కొడుకుల మధ్య, అన్నాచెల్లెళ్ళ మధ్య కూడా ఉన్న ఘర్షణకు వేరెక్కడో వెతకడానికి వెళ్ళాడు.

మన ఇళ్ళల్లో ఇంకో గొడవ ఉంది, ఏ సినిమావాళ్ళూ తీయనిది. కొడుకు దీక్ష తీసుకున్నాడు. తల్లి తీసుకోలేదు. సంక్రాంతికి పోయిన తండ్రి పేరున బట్టలు పెట్టుకుందామంటుంది. శ్రాద్ధం చేయనని, పిండం పెట్టనని కొడుకు ప్రతిజ్ఞ. మాటా మాటా పెరుగుతుంది. "మీ నాన్నకు పంచె పెట్టడానికి కూడా నీ పర్మిషన్ కావాలంట్రా?" అని ఆవిడ ఏడుస్తుంది. ఇక్కడ రెండు విషయాలు కలిపేయకూడదు. ప్రతిజ్ఞ విషయంలో కొడుకు తగ్గనక్కర్లేదు, పండగ పూటయినా సరే. కానీ ప్రతిజ్ఞ చేసింది అతను, ఆమె కాదు. ఆమె చేతిలో పంచె లాక్కుని మూఢురాలివన్నాడంటే, ఆ మాట 22 ప్రతిజ్ఞల్లో ఎక్కడా లేదు. దానికి అతను తల్లికి బాకీ ఉన్నాడు. అలాగే క్రైస్తవ ఇంటి నుంచి వచ్చిన కోడలు. డిసెంబరు 25న పుట్టింటికి వెళ్ళి తల్లితో, అక్కచెల్లెళ్ళతో కూర్చుని నాలుగు ముద్దలు తినొస్తానంటే, బౌద్ధుల ఇంటి కోడలు ఆ చర్చి వీధిలోకి వెళ్ళకూడదని మావగారి ఆంక్ష. కులం మీద తిరగబడి దీక్ష తీసుకున్న మనం, ఇంట్లో ఆడపిల్లకు గీత గీస్తే అది ఏ ధమ్మం?

మనకూ ఒక పండగ ఉంది, ఈ పని కోసమే పుట్టింది. ఒకప్పుడు కోసల దేశంలో కొందరు భిక్ఖువులు వర్షావాసం మూడు నెలలూ గొడవలు రాకుండా ఉండాలని ఒకరితో ఒకరు అసలు మాట్లాడకుండా గడిపారు. ఎంతో శాంతిగా ఉన్నామని వచ్చి చెప్పారు. భగవానుడు మెచ్చుకోలేదు. పశువుల్లా, గొర్రెల్లా కలిసి బతికి దాన్ని సుఖంగా ఉండటం అంటున్నారా అని మందలించాడు. పవారణ అప్పుడు ఏర్పడింది. వర్షావాసం చివర ప్రతి భిక్ఖువూ గొంతుకూర్చుని చేతులు జోడించి, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఉంటే దయతో చెప్పండి, సరిదిద్దుకుంటాను అని మూడుసార్లు అడగాలి. అందరికంటే పెద్ద భిక్ఖువు మొదట అడగాలి. అయిదు వందల మంది భిక్ఖువుల మధ్య భగవానుడు తనే ముందుగా అడిగాడని సంయుత్త నికాయం చెబుతుంది. సంక్రాంతి కథలో చిన్నవాడు పెద్దవాడి కాళ్ళ మీద పడతాడు. పవారణలో పెద్దవాడు ముందు నోరు తెరిచి అడుగుతాడు.

ఆశ్వయుజ పౌర్ణమి, విజయదశమి తర్వాత అయిదో రోజు. అక్టోబరు 14న నీలం జెండాలు కట్టి దీక్షాదినం జరుపుకుంటాం, ఆ పౌర్ణమి మాత్రం ఎప్పుడు వచ్చి వెళ్ళిందో చాలా ఇళ్ళల్లో తెలియదు. ఆ రాత్రి వందన అయ్యాక ఇంటి పెద్ద కింద చాప మీద కూర్చుని చేతులు జోడించి అడగొచ్చు. ఖర్చు లేదు, భిక్ఖువు రానక్కర్లేదు. కోడలు మొదటిసారి ఏమీ చెప్పదు. "ఏం లేదు మావయ్యగారూ" అని వంటింట్లోకి లేవబోతుంది. రెండోసారి అడగాలి. మూడోసారి అడగాలి. అప్పుడు ఆమె డిసెంబరు సంగతి ఎత్తితే, మధ్యలో ప్రతిజ్ఞలు చదవకుండా చివరిదాకా వినాలి.